అగ్రిమెంటు రాసిచ్చాక మంచి ఆఫర్ వస్తే?

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర ఊరు. మా బిడ్డ ఎమ్మెస్సీ ఫిజిక్స్, బీఈడీ చదివింది. మొన్న మే నెలలో మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు స్కూలుకు ఏడాది అగ్రిమెంటు రాసిచ్చింది. చేతికి 22 వేలు, అదీ పది నెలలే. మధ్యలో మానేస్తే మూడు నెలల ముందు చెప్పాలి, లేకుంటే మూడు నెలల జీతం కట్టాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు జూలైలో హైదరాబాద్‌లోని ఒక జూనియర్ కాలేజీ 35 వేలకు రమ్మంటోంది. సంతకం పెట్టి పోతే కేసు అవుతుందా? పంపాలా, వద్దా?

జవాబు: అన్నా, ముందు కేసు సంగతి. మీరు భయపడుతున్నట్టు పోలీసులు ఇంటికి రారు. ఉద్యోగం అగ్రిమెంటు తప్పడం సివిల్ వ్యవహారం, నేరం కాదు. ఇష్టం లేని మనిషిని అదే స్కూల్లో పాఠం చెప్పమని కోర్టు కూడా బలవంతం చేయదు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆ దారి మూసేసింది. ఇక మిగిలేది డబ్బు. మూడు నెలల జీతం, అంటే 66 వేలు. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితం మీద రాసిన ఆ అంకె పై హద్దు. ఒకవేళ కోర్టు దాకా పోయినా, అందులో న్యాయంగా తోచినంతే ఇప్పిస్తారు.

అలాగని "బాండ్లు చెల్లవు, ఏం కాదు పో" అనే వాళ్ల మాట పట్టుకోవద్దు. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లు నిండకముందే మానేసే ఉద్యోగి 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని తీర్పిచ్చింది. ప్రభుత్వ బ్యాంకు దేశమంతా ప్రకటన ఇచ్చి, పరీక్ష పెట్టి మనుషుల్ని తీసుకుంటుంది. దాని ఖర్చు వేరు, మీ స్కూలు వేరు. అయినా సంతకానికి విలువ ఉందని ఆ తీర్పు గుర్తు చేసింది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. అందరూ 22 పక్కన 35 పెట్టి చూస్తారు. నేనైతే చేతిలో ఏం మిగులుతుందో చూస్తాను. ఆ 35 వేలు సీటీసీ, అంటే మీ బిడ్డ మీద కాలేజీ పెట్టే మొత్తం ఖర్చు అయితే, పీఎఫ్‌లో ఆమె వాటా, కాలేజీ వాటా రెండూ అందులోంచే 3,600 పోయాయనుకుందాం. మిగిలేది 31,400. హాస్టల్‌కు, తిండికి ఒక 8 వేలు తీస్తే 23,400. పన్నెండు నెలలూ ఇస్తేనే ఏడాదికి 2,80,800. ఇక్కడేమో ఇంట్లో తిని, ఆధార్ కార్డు చూపించి ఆర్టీసీ బస్సులో ఫ్రీగా పోయి వస్తుంది, పది నెలలకు 2,20,000. తేడా 60,800. ఇప్పుడే 66 వేలు కట్టి బయటపడితే మొదటి ఏడాది లాభమంతా పోయి ఇంకో అయిదు వేలు చేతి నుంచి పడుతుంది. సమ్మర్‌లో జీతం ఇవ్వరంటే ఇంకా నష్టం. అందుకే కాలేజీ వాళ్లను రెండే అడగమనండి: చేతికి ఎంత, ఎన్ని నెలలు?

జవాబు బాగుంటే పంపండి, నాకు అభ్యంతరం లేదు. కాలేజీ అనుభవం, ఇంటర్ ఫిజిక్స్ చెప్పిన పేరు రేపు జీతం పెంచుతాయి. కానీ డబ్బు కట్టి కాదు, నోటీసు ఇచ్చి పోవాలి. జూలైలో రాసిస్తే అక్టోబరు నాటికి, అంటే దాదాపు దసరా సెలవుల నాటికి మూడు నెలలు పూర్తవుతాయి. కాలేజీ వాళ్లు అప్పటిదాకా ఆగలేమంటే? అప్పుడు ఇంకో దారి ఉంది. కరస్పాండెంట్ సారుకు అసలు టెన్షన్ అగ్రిమెంటు గురించి కాదు, టెన్త్ క్లాసు గురించి. మధ్యలో ఫిజికల్ సైన్స్ మేడమ్ పోతే తల్లిదండ్రులు ఆఫీసు ముందుకు వస్తారు. మీ బిడ్డ తన బీఈడీ స్నేహితుల్లో ఖాళీగా ఉన్న ఒకరిని వెంట తీసుకెళ్లి, రెండు వారాలు పక్కనే ఉండి క్లాసులు అప్పజెప్తానంటే చాలామంది నెలలోనే వదిలేస్తారు. ఇలా ముగిసినవి నేను చాలా చూశాను.

చెప్పాపెట్టకుండా మాత్రం పోనివ్వకండి. ఆ పని నేనే చేశాను కాబట్టి చెబుతున్నా. వయసులో ఉండగా నల్లగొండలో ఒక జూనియర్ కాలేజీ నుంచి సంక్రాంతి సెలవులకని బస్సెక్కి మళ్లీ పోలేదు. నా డిగ్రీ మెమోలు వాళ్ల బీరువాలో ఉండిపోయాయి. తర్వాత ఒక ప్రభుత్వ ఉద్యోగానికి సర్టిఫికెట్ వెరిఫికేషన్ వచ్చినప్పుడు అదే ఆఫీసు ముందు బెంచీ మీద రెండు రోజులు కూర్చున్నాను. ప్రిన్సిపాల్ సారు తిట్టలేదు, టీ తెప్పించారు. అది ఇంకా సిగ్గనిపించింది.

కాబట్టి రాజీనామా లేఖ రెండు కాపీలు. ఒకదాని మీద "అందింది" అని సంతకం, తేదీ, స్కూలు ముద్ర వేయించుకోవాలి. వాళ్లు సంతకం పెట్టేది లేదంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. ఒరిజినల్స్ తిరిగి ఇవ్వాలని ఆ లేఖలోనే, ఒక్కో సర్టిఫికెట్ పేరు రాసి అడగాలి. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కూడా. మెమోలు మీ బిడ్డ సొత్తు, బాకీ కింద తాకట్టు పెట్టినవి కావు. అప్పటికీ ఇవ్వకపోతే మహబూబ్‌నగర్ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పొండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. చాలాసార్లు అక్కడి నుంచి ఒక నోటీసు వెళ్తే బీరువా తెరుచుకుంటుంది.

ఒక మాట మీ బిడ్డనే అడగాలి. డీఎస్సీ రాయాలని ఉందా? 2024లో 11,062 పోస్టులకు డీఎస్సీ జరిగింది. మళ్లీ పడితే చదవడానికి సాయంత్రాలు కావాలి. జూనియర్ కాలేజీల్లో స్టడీ అవర్లు రాత్రి దాకా ఉంటాయి. డీఎస్సీయే లక్ష్యమైతే ఈ ఏడాది ఇంటి దగ్గరే నయం అంటాను. ఆమె కాదంటే ఆమె మాటే.

కాలేజీ ఆఫర్ చేతికి కాగితం మీద వచ్చేదాకా ఇక్కడ రాజీనామా ఇవ్వొద్దు. ఆ కాగితంలో కూడా బాండ్ ఉండొచ్చు, ఒరిజినల్స్ అడగొచ్చు. సంతకానికి ముందు ఆ పేజీలు ఫోటో తీసి పంపండి, చూస్తాను.