దోస్త్‌లో ఆప్షన్లు తప్పు పోతే ముందు ఇంట్లో చెప్పు

"దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్లలో) వెబ్ ఆప్షన్లు, అంటే కావాల్సిన కాలేజీల వరుస, తప్పు పెట్టాను, వద్దనుకున్న కాలేజీలో సీటు వచ్చింది, ఇంట్లో చెప్పాలంటే భయంగా ఉంది, ఏం చేయాలి?" అని అడిగావు కదా తమ్ముడూ. ఈ రాత్రికే ఇంట్లో చెప్పు. సీటు సంగతి రేపు పొద్దున చూసుకోవచ్చు.

మాది నకిరేకల్ దగ్గర పల్లె. 2019లో ఇంటర్ అయ్యాక నాకు నల్గొండ ఎన్జీ కాలేజీలో బీఎస్సీ కావాలి. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ఆ రోజు నెట్ సెంటర్ నిండా జనం, సర్వర్ తిరుగుతూనే ఉంది. "ఐడీ, పిన్ రాసిచ్చి పో చెల్లె, నేను పెడతా" అన్నాడు అక్కడి అన్న. రాసిచ్చి వచ్చాను. ఆయన హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కాలేజీని మొదట పెట్టాడు, ఎన్జీ కాలేజీ ఆరో నంబర్‌లో ఉంది. పైదాంట్లో సీటు వస్తే కిందివి లెక్కలోకే రావు. అదే జరిగింది.

నాలుగు రోజులు దాచాను. నిమ్మతోటలో నాయిన కాయ తెంపుతుంటే పక్కనే బస్తా పట్టుకుని నిలబడ్డాను, నోరు పెగల్లేదు. ఐదో రోజు రాత్రి అమ్మకు చెప్తే, అమ్మ నాయినను లేపింది. ఆయన తిట్టలేదు. "కాగితాలన్నీ సంచిలో పెట్టుకో బిడ్డా, మొదటి బస్సుకు పోదాం" అన్నాడు. మార్కెట్‌కు పోవాల్సిన బస్తాలు అరుగు మీదే ఉండిపోయాయి.

హెల్ప్‌లైన్ సెంటర్‌లో మేడం తేదీ చూపించింది. సెల్ఫ్ రిపోర్టింగ్‌కు, అంటే వచ్చిన సీటును ఆన్‌లైన్‌లో ఖాయం చేసుకోవడానికి, ఆ రోజే ఆఖరు. అది చేయకపోతే ఉన్న సీటు కూడా పోయేది. "ముందు ఇది నిలబెట్టుకో, రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టు, అక్కడ సీటొస్తే ఇది దానంతటదే పోతుంది" అంది. ఇంకొక్క రోజు దాచి ఉంటే నా డిగ్రీ ఏమయ్యేదో.

పిల్లల పిన్‌లు, ఓటీపీలు తీసుకుని ఆప్షన్లు పెట్టేవాళ్లంటే నాకు ఇప్పటికీ కోపమే. కొందరు ప్రైవేటు కాలేజీల వాళ్లయితే ఊళ్లోకే వచ్చి మెమోలు పట్టుకుపోతారు. పేదింటి పిల్లల మూడేళ్లు అవి. ఎవరికీ ఇవ్వొద్దు, మేనమామ అడిగినా ఇవ్వొద్దు.

నువ్వు రేపు పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్, మీసేవలో తీసిన కులం, ఆదాయం సర్టిఫికెట్లు, అన్నీ ఒరిజినల్స్ పట్టుకుని మీ దగ్గరి హెల్ప్‌లైన్ సెంటర్‌కు పో. పోకముందే సెల్ఫ్ రిపోర్టింగ్ ఆఖరు తేదీ చూసుకో.

రెండో విడతలో ఆప్షన్లు నేనే పెట్టాను. నాయినకు చదువు రాదు, అయినా పక్కనే కూర్చున్నాడు. సేవ్ నొక్కేముందు "ఎన్జీ కాలేజీ ఒకటో నంబర్‌లనే ఉందా బిడ్డా?" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించాను. ఆ సీటే వచ్చింది.