పరాయి నగరంలో తొలి నెలలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: విదేశీ యూనివర్సిటీలో మాస్టర్స్‌కు సీటు వచ్చింది. ప్రయాణానికి ఇంకా ఆరు వారాలుంది. క్యాంపస్ హాస్టల్‌లో గది దొరకలేదు. ఇంటర్నెట్‌లో ఒక గది నచ్చింది, అద్దె కూడా మిగతావాటికంటే తక్కువే. యజమాని మాత్రం తాను వేరే దేశంలో ఉన్నానని, రెండు నెలల అద్దె ముందుగా పంపితే తాళంచెవులు కొరియర్ చేస్తానని అంటున్నారు. ఆలస్యం చేస్తే ఇంకెవరో తీసుకుంటారట. పంపమంటారా?
- ఒక విద్యార్థిని

జవాబు: పంపవద్దు. తక్కువ అద్దె, ఊళ్లో లేని యజమాని, కొరియర్‌లో వచ్చే తాళంచెవులు, తొందరపెట్టే మాట, ఈ నాలుగూ ఒకేచోట కనిపించినప్పుడు అది మోసమని అనుకోవడానికి ఇంకో ఆధారం అక్కర్లేదు.

విదేశీ విద్యార్థులకు సలహాలిచ్చే విభాగంలో నేను పనిచేస్తున్న రోజుల్లో, ఒక అబ్బాయి రెండు పెద్ద పెట్టెలతో సాయంత్రం ఆఫీసు మూసే వేళకు వచ్చాడు. అతని చేతిలో సంతకాలతో సహా అద్దె ఒప్పందం ఉంది. అందులో రాసిన ఇంటి నంబరు 48. ఆ వీధిలో ఇళ్లు 36తో అయిపోతాయి. వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి మూడుసార్లు నడిచి చూసుకుని మా దగ్గరికి వచ్చాడు. మాట్లాడుతున్నంతసేపూ ఆ కాగితాన్ని మడుస్తూ, విప్పుతూ, మళ్లీ మడుస్తూ కూర్చున్నాడు. ఆ రాత్రికి బస ఏర్పాటు చేయగలిగాం గాని, అతను పంపిన డబ్బు తిరిగి రాలేదు.

అందువల్ల నా సలహా ఇది: వెళ్లిన తర్వాత రెండు మూడు వారాలు ఉండడానికి మాత్రమే ఇక్కడి నుంచి బస మాట్లాడుకోండి. గదిని కళ్లారా చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి. ఈ రెండు మూడు వారాల ఖర్చు దండగ అనిపిస్తుంది, కానీ ఒక విద్యార్థి చేసే ఖర్చుల్లో ఇంతగా అక్కరకొచ్చేది మరొకటి లేదని నా నమ్మకం. యూనివర్సిటీలో వసతి విభాగం ఉంటుంది. వాళ్లకు ఈరోజే మెయిల్ రాయండి, హాస్టల్ నిరీక్షణ జాబితాలో పేరు ఉంచమనండి. తరగతులు మొదలయ్యే వారంలో సీట్లు వదులుకునేవారు కొందరు ఉంటారు. తప్పనిసరిగా దూరం నుంచే గది మాట్లాడుకోవలసి వస్తే, అక్కడే చదువుతున్న సీనియర్ ఎవరినైనా వెళ్లి చూడమని అడగండి. లేదా యజమానిని వీడియో కాల్‌లో ఉంచి, మీరు చెప్పినట్టు చేయమనండి. కుళాయి తిప్పమనండి, కిటికీలోంచి వీధి చూపమనండి, బయటి తలుపు మీద నంబరు చూపమనండి. నిజంగా ఆ ఇంట్లో ఉన్నవారికి ఇవి రెండు నిమిషాల పనులు.

ఒప్పందం కుదుర్చుకునే ముందు మరొక్క మాట తప్పక అడగండి: "ఈ చిరునామా మీద నా పేరు నమోదు చేసుకోవచ్చా?" కొత్త నగరంలో తక్కిన పనులన్నీ చిరునామాతోనే ముడిపడి ఉంటాయి. జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకోవాలి. అందుకు ఇంటి యజమాని రాసిచ్చిన ధ్రువీకరణ కావాలి. అమెరికాలో ఎఫ్-1 వీసా (అక్కడి విద్యార్థి వీసా) మీద ఉన్నవారు ఇల్లు మారితే 10 రోజుల్లోగా యూనివర్సిటీకి తెలియజేయాలి. బ్యాంకు ఖాతా తెరవడానికి చాలాచోట్ల చిరునామా రుజువు అడుగుతారు. అద్దె తక్కువకు ఇస్తాను గాని పేరు మాత్రం ఎక్కడా రాయవద్దు అనే యజమాని మీకు గది ఇస్తున్నాడే తప్ప చిరునామా ఇవ్వడం లేదు.

అడ్వాన్స్ విషయంలోనూ అక్కడి చట్టం తెలుసుకోండి. జర్మనీలో అది మూడు నెలల అసలు అద్దెకు (ఇతర నిర్వహణ ఖర్చులు కలపని అద్దెకు) మించకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో చెల్లించే హక్కు కూడా అద్దెకున్నవారికి ఉంది. గదిలో దిగిన రోజునే గోడలు, తలుపులు, పరుపు, వస్తువులు అన్నింటికీ ఫొటోలు తీసి యజమానికి మెయిల్ చేయండి. ఖాళీ చేసే రోజున ఆ గోడ మీది మరక పాతదా, మీవల్ల పడిందా అనే తగువు వస్తే ఆ మెయిల్ మీ తరఫున మాట్లాడుతుంది.

ప్రశ్న: చేతి సంచిలో ఏమేమి ఉంచుకోవాలి? విమానం దిగిన మర్నాడే తరగతులు ఉన్నాయి, ఇబ్బంది అవుతుందా?
- ఒక విద్యార్థి

జవాబు: పాస్‌పోర్టు, అడ్మిషన్ లేఖ, ఫీజు రసీదులు, బ్యాంకు పత్రాలు, సర్టిఫికెట్ల అసలు ప్రతులు చేతి సంచిలోనే ఉండాలి. నకళ్లు ఒక జత ఇంట్లో వదిలి వెళ్లండి. మందులు వాడేవారైతే డాక్టరు చీటీలో కంపెనీ పెట్టిన పేరుతోపాటు మందు అసలు పేరు కూడా రాయించుకోండి, ఎందుకంటే కంపెనీల పేర్లు దేశానికొక రకంగా ఉంటాయి. పవర్ బ్యాంకును పెద్ద పెట్టెలో పెట్టనివ్వరు, చేతి సంచిలో ఉంచుకోవాలి. దాని సామర్థ్యం (దాని మీద Wh అని రాసి ఉండే అంకె) 100 వాట్-అవర్లకు లోబడి ఉంటే విడిగా అనుమతి అక్కర్లేదు.

మర్నాడే తరగతులంటే ఇబ్బందే. శరీరంలోని గడియారం సుమారుగా రోజుకు ఒక గంట చొప్పున సర్దుకుంటుంది. తూర్పు దిక్కుగా వెళ్లినప్పుడు ఇంకాస్త కష్టం. వీలైతే వారం ముందే వెళ్లండి. అమెరికా ఎఫ్-1 విద్యార్థులను కోర్సు మొదలవడానికి 30 రోజుల ముందు నుంచి దేశంలోకి అనుమతిస్తుంది. చేరిన రోజున ఎంత నిద్ర వస్తున్నా అక్కడి రాత్రి వేళ వరకు ఆగి పడుకోండి, పగటి వెలుతురులో బయట నడవండి. ఆ దేశపు అత్యవసర ఫోన్ నంబరును విమానం ఎక్కేముందే కంఠస్థం చేయండి: యూరప్ యూనియన్ దేశాల్లో 112, బ్రిటన్‌లో 999, అమెరికా, కెనడాల్లో 911, ఆస్ట్రేలియాలో 000.

ప్రశ్న: నేను చదువంతా ఇంగ్లీషులోనే చదివాను, పరీక్షల్లోనూ మంచి మార్కులే వచ్చాయి. అయినా ఇక్కడి ప్రొఫెసర్లు చెప్పేది సగమే అర్థమవుతోంది. లేచి అడిగితే తోటివారు నవ్వుతారేమోనని నెలరోజులుగా నోరు విప్పలేదు.
- ఒక విద్యార్థి

జవాబు: మీకు ఇంగ్లీషు రాదని కాదు, మీ చెవికి ఆ యాస ఇంకా అలవాటు కాలేదు. పరాయి దేశంలో నేను హాజరైన మొదటి తరగతి నోట్సు ఇప్పటికీ నా దగ్గర ఉంది. పేజీలో ఎడమవైపు వాక్యాల మొదళ్లు మాత్రమే ఉన్నాయి, కుడివైపంతా ఖాళీ. నేను రాసే వాక్యం సగంలో ఉండగానే ప్రొఫెసరు తర్వాతి విషయానికి వెళ్లిపోయేవారు. రెండో నెల నోట్సులో ఆ ఖాళీలు లేవు. మధ్యలో నేను చేసినదల్లా మర్నాటి పాఠాన్ని ముందు రాత్రే ఒకసారి చదువుకుని, అందులోని పారిభాషిక పదాలను వరుసగా రాసుకోవడం. రాబోయే మాట ముందే తెలిసి ఉంటే చెవి దాన్ని ఏ యాసలోనైనా పట్టుకుంటుంది.

తరగతిలో లేవడం కష్టమైతే ప్రొఫెసరు గదికి వెళ్లండి. విద్యార్థులను కలవడానికి వారు వారంలో కొన్ని గంటలు ప్రత్యేకంగా కేటాయిస్తారు. ఆ వేళల్లో వెళ్లడం వారిని విసిగించడం కాదు, ఆ సమయం ఉన్నదే మీ కోసం. "నాకు అర్థం కాలేదు" అనకుండా "ఫలానా మెట్టు దగ్గర ఇది ఎలా వచ్చిందో తెలియలేదు" అని కాగితం మీద రాసుకుని వెళ్లి అడగండి. మీరు అడగకపోయినా ఒక హెచ్చరిక కూడా చేయాలి: వ్యాసాల్లో ఇతరుల వాక్యాలను ఎక్కడివో చెప్పకుండా వాడడాన్ని అక్కడ పరీక్షలో కాపీ కొట్టడంతో సమానంగా చూస్తారు. తెలియక చేశానన్నా కోర్సు తప్పినవారు ఉన్నారు. మొదటి వ్యాసం ఇవ్వకముందే ఈ నియమాలను యూనివర్సిటీ రచనా సహాయ కేంద్రంలో కూర్చుని నేర్చుకోండి.

ప్రశ్న: విద్యార్థి వీసా మీద ఉన్నవారికి అనుమతించిన పని గంటల పరిమితికి మించి పనిచేస్తే ఆ గంటలకు చేతికి నగదు ఇస్తామని ఒకరు అంటున్నారు. పరవాలేదా?
- ఒక విద్యార్థి

జవాబు: ఒప్పుకోవద్దు. తరగతులు జరిగే రోజుల్లో బ్రిటన్‌లో డిగ్రీ, ఆపై చదువులవారికి వారానికి 20 గంటలు, ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48 గంటలు, కెనడాలో 2024 నవంబరు నుంచి క్యాంపస్ బయట వారానికి 24 గంటలు పరిమితి. అమెరికాలో క్యాంపస్‌లోనైతే వారానికి 20 గంటలు, బయట పనికి విడిగా అనుమతి కావాలి. పరిమితి దాటితే వీసాకే ముప్పు. పైగా లెక్కలో లేని పనికి కూలి ఎగ్గొడితే ఫిర్యాదు చేయడానికి కూడా మీరు జంకుతారు, ఆ యజమానికి అది బాగా తెలుసు. డబ్బు చాలకపోతే ఆ సంగతి యూనివర్సిటీ ఆర్థిక సహాయ విభాగానికి ఇప్పుడే చెప్పండి. ఫీజు గడువు దాటిన తర్వాత చెప్పేవారికంటే ముందు చెప్పేవారికి దారులు ఎక్కువ.

ప్రశ్న: మా అబ్బాయి చదువుకోవడానికి వెళ్లి మూడు నెలలైంది. మొదట్లో గంటల తరబడి కబుర్లు చెప్పేవాడు. ఇప్పుడు "బాగానే ఉన్నాను" అని రెండు నిమిషాల్లో పెట్టేస్తున్నాడు. గుచ్చి అడిగితే విసుక్కుంటున్నాడు. రాత్రిళ్లు నాకు నిద్ర పట్టడం లేదు.
- ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ బెంగ అర్థమైంది. మీ అబ్బాయి దశ కూడా కొత్తది కాదు. పరాయి సమాజంలో అడుగుపెట్టినవారికి కలిగే ఈ కలవరాన్ని కాలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1954లో రియో డి జనీరోలో చేసిన ప్రసంగంలో వివరించారు. రోజువారీ జీవితంలో మనం ఆలోచించకుండానే అనుసరించే చిన్న చిన్న గుర్తులు, అంటే ఎప్పుడు పలకరించాలి, ఎంత దగ్గరగా నిలబడాలి, ఏ మాటకు నవ్వాలి అన్నవి, ఒక్కసారిగా పనికిరాకుండా పోవడమే దీనికి మూలమని ఆయన అన్నారు. మొదట అంతా ముచ్చటగా ఉంటుంది, తర్వాత దిగులు, చిరాకు, ఆపైన క్రమంగా సర్దుబాటు. అందరికీ ఇదే వరుసలో జరగదని, కొందరికి మొదటి రోజులే అన్నిటికంటే బరువని తర్వాతి పరిశోధకులు చెప్పారు.

అతను విసుక్కోవడం మీ మీద కోపంతో కాకపోవచ్చు. అప్పు చేసి పంపారనో, ఆశలు పెట్టుకున్నారనో తలచుకుని, కష్టం చెబితే మీరు కుంగిపోతారని దాచే పిల్లలను నేను ఎందరినో చూశాను. "బాగున్నావా" అన్న ప్రశ్నకు "బాగున్నాను" తప్ప వేరే జవాబు ఉండదు. అందుకని చిన్న విషయాలు అడగండి. గది కిటికీలోంచి ఏమి కనిపిస్తుంది, తరగతికి నడిచి వెళతావా, బస్సులోనా, పక్క గదిలో ఎవరుంటారు అని అడగండి. రోజూ కాకుండా వారంలో రెండు రోజులు, ఒక వేళ అనుకుని మాట్లాడండి. మీ ఇంటి కబుర్లు కూడా చెప్పండి, వాటిలో కష్టమైనవి ఉంటే అవి కూడా. మీరు దాచకపోతే అతనికీ చెప్పే ధైర్యం వస్తుంది.

అతనితో ఒక మాట అనండి: వారంలో ఒకరోజు, ఒకే వేళకు, ఒకే చోటికి వెళ్లమనండి. లైబ్రరీలో అదే బల్ల కావచ్చు, ఆటస్థలం కావచ్చు, విద్యార్థి సంఘం సమావేశం కావచ్చు. నాలుగో వారానికి అక్కడ ఎవరో ఒకరు ముఖం గుర్తుపట్టి తల ఊపుతారు.

అయితే నిద్ర పట్టడం లేదని, తినడం లేదని, తరగతులకు వెళ్లడం లేదని తెలిస్తే, లేదా బతకాలని లేదన్న మాట ఏ రూపంలో వినిపించినా, అలవాటవుతుందిలే అని ఆగకండి. యూనివర్సిటీలో కౌన్సెలింగ్ విభాగం ఉంటుంది, చాలా యూనివర్సిటీల్లో అది విద్యార్థులకు ఉచితం. ఆ విభాగం నంబరును, ఆ దేశపు అత్యవసర నంబరును, పక్క గదిలో ఉండే స్నేహితుడి నంబరును ఇప్పుడే అడిగి తీసుకోండి. అడగడానికి సంకోచించవద్దు. "అవసరం పడదు గాని నా దగ్గర ఉండనీ నాన్నా" అంటే ఏ కొడుకూ కాదనడు.