తొమ్మిది లక్ష్యాలు రాసుకున్నాం, ఒక్కటీ కదలట్లేదు

ప్రశ్న: నా వయసు 36, మా వారికి 39. ఇద్దరం ఉద్యోగస్తులమే. పాపకు ఆరేళ్లు. ఏటా జనవరిలో డైరీలో లక్ష్యాలు రాసుకుంటాం. ఈసారి తొమ్మిది రాశాం. సొంత ఇల్లు, పాప చదువు, అత్యవసర నిధి, నేను డేటా అనలిటిక్స్ కోర్సు చేసి ఉద్యోగం మారడం, యాభై ఏళ్లకే రిటైర్‌మెంట్, కారు, విదేశీ యాత్ర, ఇలా. ఆరు నెలలైంది, దేనికీ డబ్బు పక్కన పెట్టలేదు. స్నేహితులంతా ఇళ్లు కొనేశారు, చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. నెల లెక్కలు, ఖాతా స్టేట్‌మెంట్, డైరీలో రాసుకున్నవి కూడా పంపుతున్నాను. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: మీ లెక్కలు రెండుసార్లు చూశానండి. మీరు దుబారా మనుషులు కారు. ముందు ఆ దిగులు మనసులోంచి తీసేయండి. చిక్కంతా ఆ జాబితాలోనే ఉంది. అదెలాగో మీ కళ్లతో మీరే చూస్తే మంచిది.

అసలు అంకెలు పక్కన పెట్టి, ఇద్దరి చేతికొచ్చే జీతం కలిపి నెలకు 100 అనుకుందాం. ఇంటి ఖర్చులకు 72, పాత అప్పు వాయిదాకు 8 పోతున్నాయి. మిగిలేది 20.

ఇప్పుడు డైరీ తెరవండి. ఇంటికి ముందుగా కట్టాల్సింది రెండేళ్ల జీతమంత అవుతుందని రాశారు, అంటే 2400. అయిదేళ్లలో కావాలన్నారు. వడ్డీ సంగతి వదిలేస్తే నెలకు 40 పెట్టాలి. పాప పైచదువుకు ఈరోజు ధరల్లో 1200 అన్నారు. ఖర్చులు ఏటా 6 శాతం పెరిగితే అది పన్నెండేళ్లలో రెట్టింపవుతుంది (72ను ఆ శాతంతో భాగిస్తే రెట్టింపయ్యే ఏళ్లు సుమారుగా తెలుస్తాయి, నోటి లెక్కకు చాలా పనికొస్తుంది). పెట్టిన డబ్బు ఏటా 8 శాతం పెరుగుతుందనుకున్నా, 2400 చేరాలంటే నెలకు 10 కావాలి. అత్యవసర నిధికి ఆరు నెలల ఖర్చు, వాయిదాతో కలిపి 480. మీ దగ్గరున్నది 160. మిగతా 320 పదహారు నెలల్లో పోగెయ్యాలంటే నెలకు 20. కోర్సు ఫీజు 120, ఏడాదిలో కూడాలంటే నెలకు 10.

ఈ నాలుగింటికే 80 అయింది. చేతిలో ఉన్నది 20. కారు, యాత్ర, రిటైర్‌మెంట్ ఇంకా లెక్కలోకే రాలేదు.

80 అడుగుతున్న చోట 20 పట్టుకుని నిలబడితే ఎవరికైనా చెయ్యాడదు. దేనికిచ్చినా మిగతావాటికి అన్యాయం చేసినట్టుంటుంది. ఆ 20 ఖాతాలో ఊరికే పడి ఉంటుంది, కొన్నాళ్లకు కొత్త ఫోన్‌కో సోఫాకో వెళ్లిపోతుంది. మీ ఖాతా స్టేట్‌మెంట్‌లో మార్చి, మే నెలల్లో సరిగ్గా ఇదే కనిపించింది.

అంకెల్లోకి ఇంకా దిగే ముందు మీరిద్దరూ ఒక పని చేయాలి. తలో కాగితం తీసుకుని వేర్వేరు గదుల్లో కూర్చోండి. వచ్చే అయిదేళ్లలో జరగకపోతే నిజంగా బాధపడే విషయాలు మూడే మూడు రాయండి. రాశాక పక్కపక్కన పెట్టి చూడండి. నా దగ్గరికొచ్చిన ఒక జంటతో ఇలాగే రాయించాను. ఆయన కాగితంలో మొదటి మాట ఇల్లు. ఆవిడ కాగితంలో ఇల్లు అసలు లేదు, రెండేళ్లు ఉద్యోగం మానేసి చదువుకోవాలని ఉంది. నాలుగేళ్లుగా ఇద్దరూ ‘మన లక్ష్యం ఇల్లు’ అనుకుంటూ వచ్చారు. ఆ సాయంత్రం వాళ్లు డబ్బు గురించి మాట్లాడింది తక్కువే. మీ ఉత్తరంలో ఇళ్ల గురించి టెన్షన్ పడ్డచోట స్నేహితుల ప్రస్తావనే ఉంది. మీకే ఇల్లు కావాలని ఉంటే నిక్షేపంగా కొనుక్కోండి. అది తేల్చుకోవాల్సింది మాత్రం మీరిద్దరే.

లక్ష్యాలనగానే అందరూ చెప్పే ‘స్మార్ట్’ సూత్రాన్ని 1981లో జార్జ్ డోరన్ ఒక మేనేజ్‌మెంట్ పత్రికలో రాశారు. ఆ ఇంగ్లిష్ మాటలోని అయిదు అక్షరాల్లో ఒక్కోటి మంచి లక్ష్యానికి ఉండాల్సిన ఒక్కో గుణాన్ని చెబుతుంది. అందులో ‘ఎ’ అక్షరానికి ఇప్పుడు చాలామంది ‘సాధించగలిగేది’ అని అర్థం చెబుతారు. ఆయన రాసింది వేరు, ఆ పని ఎవరికి అప్పగించారన్నది. ఇంటి లెక్కల్లో నాకు ఎక్కువగా పనికొచ్చింది ఆ పాత అర్థమే. మీ తొమ్మిదింటిలో ఒక్కదాని పక్కనా పేరు లేదు. ‘మనం’ చేయాల్సిన పని ఇద్దరూ రెండోవాళ్లు చూసుకుంటారనుకునే పనిగా మిగిలిపోతుంది. ప్రతిదాని పక్కనా ఒక్కరి పేరు రాయండి.

ఇక వరుస. మొదటి ఏడాది 10 కోర్సుకు, 10 అత్యవసర నిధికి. ఇంకేమీ వద్దు.

కోర్సును ముందు పెట్టడానికి కారణముంది. ఉద్యోగం మారితే మీ జీతం పెరిగి, ఇంటికి ఇంకో 20 వస్తుందని రాశారు. 100 మీద 20 చిన్నదిగా కనిపిస్తుంది. కానీ మీకు మిగిలేదే 20 కదా, అది ఒక్కసారిగా రెట్టింపవుతుంది. ఖర్చులు బిగబట్టి నెలకు 20 ఆదా చేయడం మీ ఇంట్లో అయ్యే పని కాదు. పైగా ఏడాది తిరిగేసరికి నిధి 280 అవుతుంది, అంటే మూడున్నర నెలల ఖర్చు. ఇంటర్వ్యూలో నచ్చని షరతు పెడితే ‘ఆలోచించుకుని చెబుతాను’ అనే ధైర్యం ఆ డబ్బుతోనే వస్తుంది. ఈ నిధిని మాత్రం బ్యాంకు డిపాజిట్ లాంటి చోటే ఉంచండి, షేర్లలో వద్దు.

‘ఉద్యోగం మారాలి’ అని మాత్రం డైరీలో రాయకండి. ఎవరు పిలుస్తారో, ఎప్పుడు తీసుకుంటారో మీ చేతిలో లేదు. వారానికి ఎన్ని గంటలు చదువుతారో, ఎన్ని ప్రాజెక్టులు చేస్తారో, నెలకు ఎన్ని దరఖాస్తులు పంపుతారో అదంతా మీ చేతిలోనే ఉంది, అవి రాయండి. ఆ గంటలు ఎక్కడివో కూడా రాయండి. మంగళ, గురువారాల్లో రాత్రి ఎనిమిది నుంచి పది దాకా పాపను మీ వారు చూసుకోవాలంటే, ఆ మాట ఆయన కాగితం మీద కూడా ఉండాలి. కోర్సు ఆరు నెలలన్నారు, తొమ్మిది నెలలు వేసుకోండి. 1994లో అచ్చయిన ఒక పరిశోధనలో విద్యార్థులు తమ థీసిస్ సగటున 34 రోజుల్లో పూర్తవుతుందని అంచనా వేశారు, తీరా 55 రోజులకు పైగా పట్టింది. తెలివైనవాళ్లూ ఇలాగే పొరబడతారు. ఆలస్యమైతే మిమ్మల్ని మీరు తిట్టుకోకుండా ముందే చోటు వదిలిపెట్టండి.

రెండో ఏడాది కోర్సు డబ్బు ఖాళీ అవుతుంది, దాన్ని పాప చదువుకు మళ్లించండి. ఏడాది ఆలస్యం వల్ల నెలకు 10 సరిపోయేచోట 11న్నర పెట్టాలి. ఆ తేడా నాకూ నచ్చదు, కానీ మీ జీతం పెరిగే అవకాశం వదులుకునేంత పెద్దది కాదు. 8 శాతమన్నది హామీ కూడా కాదు, రెండేళ్లకోసారి లెక్క సరిచూసుకోండి. పద్నాలుగో నెల తర్వాత అప్పు తీరి 8 మిగులుతుంది. అది మీ కంట పడకముందే నిధిలోకి పోయేలా బ్యాంకులో ఆటోమేటిక్ బదిలీ పెట్టండి. వాయిదా లేకపోతే నెల ఖర్చు 72కు తగ్గుతుంది కాబట్టి ఆరు నెలల నిధికి 432 చాలు. రెండేళ్లు తిరిగేలోపే అది నిండుతుంది.

జీతం పెరిగాక ఆ పెరిగినదాంట్లో సగం దాస్తామని ఇప్పుడే, పెరగకముందే రాసి సంతకం పెట్టండి. ఆర్థికవేత్తలు రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జీ ఒక కంపెనీ ఉద్యోగులతో ఇలాగే ముందస్తు మాట తీసుకున్నారు. ఒప్పుకున్నవాళ్ల పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. చేతికొచ్చిన డబ్బులోంచి తీయడం కష్టం, ఇంకా రాని డబ్బు గురించి మాటివ్వడం తేలిక.

ఇల్లు అయిదేళ్లలో రాదండి. నిధి నిండాక, మిగిలే 28లో పాప చదువుకు 11న్నర పోగా నెలకు 16న్నర దానికి పెట్టినా, పన్నెండేళ్లు పడుతుంది. మీ కొత్త జీతంలోంచి 10 కలిస్తే ఏడున్నరేళ్లు. లేదా చిన్న ఇల్లు. ఈ మూడింటిలో ఏది మీకు సమ్మతమో మీ రెండు కాగితాలు చూస్తే తెలిసిపోతుంది. కారు, యాత్ర కొట్టేయకండి, డైరీ చివరి పేజీకి మార్చి ‘నిధి నిండాక చూద్దాం’ అని తారీఖు వేయండి.

యాభైకి రిటైర్‌మెంట్ గురించి ఇప్పుడు నేనేమీ లెక్క కట్టను. దాని గురించి డైరీలో మీరు రాసిన వాక్యం ‘ఈ ఉద్యోగం ఇంకెన్నాళ్లు’ అని ముగిసింది. కొత్త ఉద్యోగంలో చేరిన ఆరు నెలలకు అదే ప్రశ్న నాకు మళ్లీ రాయండి. అప్పటికీ యాభై అనే రాస్తే, ఆ లెక్క పూర్తిగా వేసి పంపుతాను.