స్టీరింగ్ ఆయిల్ తరిగిందంటే ఎక్కడో కారుతున్నట్టే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు స్టీరింగ్ ఆయిల్ గురించే ఉన్నాయి, అందుకని శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మా కారుకి తొమ్మిదేళ్లు. పొద్దున్నే బయటికి తీసేటప్పుడు స్టీరింగ్ తిప్పితే ఎవరో మూలుగుతున్నట్టు శబ్దం వస్తోంది. మెకానిక్‌కి చూపిస్తే పవర్ స్టీరింగ్ ఆయిల్ తగ్గిందని పోసి పంపిస్తాడు, కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మొదలు. ఈ ఏడాదిలోనే నాలుగుసార్లు పోయించాను. ‘పాత బండి కదా సార్, ఆయిల్ తాగుతుంది’ అంటున్నాడు. నిజమేనా? నేనే చూసుకోవాలంటే ఎలా?

జవాబు: నిజం కాదండీ. ఆ మాట ఇంజన్ ఆయిల్‌కి చెల్లుతుంది, పాత ఇంజన్‌లో అది కొంత కాలిపోతుంది కాబట్టి. స్టీరింగ్ ఆయిల్‌కి కాలిపోయే చోటే లేదు. ఇంజన్ బెల్ట్‌తో తిరిగే పంపు, ఆయిల్ నిలవ ఉండే చిన్న డబ్బాలోంచి దాన్ని లాగి, గట్టి ఒత్తిడితో స్టీరింగ్ ర్యాక్‌లోకి, అంటే ముందు చక్రాలను తిప్పే భాగంలోకి తోస్తుంది, అక్కడ మీ చేతికి బలం కలిపి అదే ఆయిల్ ఇంకో పైపులోంచి మళ్లీ డబ్బాలోకి వచ్చేస్తుంది. అంతే, అదే ఆయిల్ ఏళ్ల తరబడి అలా తిరుగుతూ ఉంటుంది. చాలా కార్లలో మొత్తం కలిపితే సుమారు ఒక లీటరు ఉంటుందేమో. కాబట్టి మట్టం తగ్గిందంటే బయటికి పోయినట్టే, అది ఎక్కడ పోతోందో చూడకుండా పోస్తూ ఉండటం వైద్యం కాదు.

ఈ విషయం ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నాకూ ఇదే జరిగింది. నా పాత కారుకి ఆరు నెలల పాటు ఇలాగే పోయించుకుంటూ తిరిగాను. చివరికి ఇంకో మెకానిక్ చూస్తే, పంపులోకి ఆయిల్ వచ్చే పైపు మొదట్లో ఉండే చిన్న రబ్బరు రింగు ఎండి గట్టిపడి ఉంది. దాన్ని మార్చడానికి అరగంట కూడా పట్టలేదు, కానీ అప్పటికే పంపు అరిగిపోయింది, అదీ మార్చాల్సి వచ్చింది. పంపుకి వేరే గ్రీజు, వేరే ఆయిల్ ఏమీ ఉండవు, అది తోసే ఆయిలే దానికి కందెన. ఆ ఆయిల్ చాలక గాలి పీల్చుకుంటూ తిరిగితే లోపలి రెక్కలు గీసుకుపోతాయి, ఆ ఇనప రజను వెళ్లి ర్యాక్‌లోని సీళ్లను, అంటే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులను కూడా పాడుచేస్తుంది. మీరు వింటున్న మూలుగు ఆ పంపుదే అయ్యుంటుంది, దయచేసి ఇంకా వాయిదా వేయకండి.

ఇక మీరే చూసుకోవడం. బండిని సమంగా ఉన్న చోట ఆపి, చక్రాలు తిన్నగా ఉంచి, ఇంజన్ ఆపేయండి. కొన్ని కార్లకు ఇంజన్ నడుస్తుండగా చూడమని రాసి ఉంటుంది, అందుకే ముందు మాన్యువల్‌లో ఆ పేజీ ఒక్కసారి చదవండి. బానెట్ ఎత్తితే బెల్ట్ ఉన్న వైపు చిన్న డబ్బా, దాని మూత మీద స్టీరింగ్ చక్రం బొమ్మ కనిపిస్తుంది. మూత తీసే ముందే గుడ్డతో చుట్టూ శుభ్రంగా తుడవండి, ఇసుక రేణువు లోపల పడ్డా పంపుకి కష్టమే. డబ్బా గోడ లోపలిది కనిపించేలా ఉంటే బయటే మిన్, మ్యాక్స్ గీతలుంటాయి. లేకపోతే మూతకే చిన్న పుల్ల అతికి ఉంటుంది, దాన్ని తుడిచి, మూత పూర్తిగా బిగించి, మళ్లీ తీసి చూడాలి. దాని మీద హాట్, కోల్డ్ అని రెండు గుర్తులుంటే, రాత్రంతా ఆగి ఉన్న బండికి కోల్డ్ గీత, బాగా తిరిగొచ్చిన బండికి హాట్ గీత. వేడెక్కితే ఆయిల్ ఉబ్బుతుంది కదా. చాలామంది చల్లటి బండిలో హాట్ గీత దాకా పోసేస్తారు, తర్వాత అది మూత దగ్గర పొంగి కారితే లీకేజీ అని కంగారు పడతారు.

మట్టం చూసి మూత పెట్టేయకండి, పుల్లకున్న ఆ చుక్కని తెల్ల కాగితం మీద అద్దండి. కొత్తప్పుడు ఎర్రగా ఉన్నది నల్లబడి మాడు వాసన వస్తుంటే ఆయిల్ పని అయిపోయింది. సన్నగా మెరిసే రజను కనిపిస్తే పంపు అరుగుతోంది. నురగ, బుడగలు కనిపిస్తే ఎక్కడో గాలి లోపలికి పోతోంది. ఇక్కడో తిరకాసు ఉంది. డబ్బా నుంచి పంపుకి వెళ్లే పైపు ఆయిల్‌ని పీల్చే పైపు, దాని క్లిప్పు వదులైతే ఒక్కోసారి ఆయిల్ చుక్క కూడా బయటికి రాదు, గాలి మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది. మట్టం బాగానే ఉండి మూలుగు వస్తుంటే ముందు ఆ క్లిప్పే చూడాలి.

కారే చోటు కనిపెట్టడానికి రాత్రి బండి ముందు భాగం కింద ఒక అట్టముక్క పరచండి. పొద్దున్నకి మరక ఎక్కడ పడిందో చూస్తే సగం తెలిసిపోతుంది. బెల్ట్ వైపు పడితే పంపు, దాని పైపులు. ఇంకాస్త వెనక్కి, చక్రాల మధ్య పడితే ర్యాక్. ర్యాక్ రెండు చివర్లా ముడతలు ముడతలుగా రబ్బరు తొడుగులుంటాయి, వాటిని వేళ్లతో నొక్కితే లోపల ఆయిల్ గలగలలాడినట్టు తెలిస్తే ర్యాక్ సీలు పోయినట్టే, అది కచ్చితంగా మెకానిక్ పని. ఎక్కువ ఒత్తిడి ఉండే పైపులో రబ్బరు, ఇనుము కలిసే నొక్కుడు జాయింటు కూడా బాగా కారే చోటు. ఇదంతా తడిమి చూసేటప్పుడు ఇంజన్ ఆపే ఉండాలి, చల్లారి ఉండాలి. నడుస్తున్న ఇంజన్‌లో ఆ పైపు మీద వేలు పెట్టి చూడకండి, సన్నటి చిల్లులోంచి వచ్చే ధార చర్మంలోకి దూసుకుపోగలదు. వేడి సైలెన్సర్ పైపు మీద ఆయిల్ పడి పొగ వస్తుంటే మాత్రం బండి తీయకండి, అది అంటుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న: తొందరలో చూసుకోకుండా స్టీరింగ్ ఆయిల్ డబ్బాలో బ్రేక్ ఆయిల్ పోసేశాను. ఇంకా స్టార్ట్ చేయలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: స్టార్ట్ చేయకపోవడం చాలా మంచి పని అయింది, ఇంకా చేయకండి, స్టీరింగ్ కూడా తిప్పకండి. బ్రేక్ ఆయిల్ పేరుకే ఆయిల్, మామూలుగా దొరికేది గ్లైకాల్ రకం, పవర్ స్టీరింగ్‌లోని రబ్బరు సీళ్లు దానికి ఉబ్బి మెత్తబడి పోతాయి. సన్నటి గొట్టం తగిలించిన సిరంజితో డబ్బాలో ఉన్నదంతా లాగేయండి, బండిని టో చేయించి డబ్బా విప్పించి, పైపులు కడిగించి, కొత్త ఆయిల్ పోయించండి. ఇంజన్ తిరగలేదు కాబట్టి ఎక్కువ భాగం డబ్బాలోనే ఉండి ఉంటుంది, భయపడకండి. ఒకవేళ ఎవరైనా స్టార్ట్ చేసేసి ఉంటే వెంటనే మొత్తం సిస్టమ్ కడిగించాలి. ఇదే పొరపాటు తిరగబడి, బ్రేక్ డబ్బాలో స్టీరింగ్ ఆయిల్ పడితే ఇంకా ప్రమాదం, బ్రేకులే పోతాయి, అలాంటి బండిని ఒక్క అడుగు కూడా నడపకూడదు.

ప్రశ్న: స్టీరింగ్ ఆయిల్ అన్నీ ఒకటేనా? రంగు చూసి పోస్తే సరిపోతుందా?

జవాబు: రంగుని నమ్మొద్దు. చాలా కార్లకు ఆటోమేటిక్ గేర్ బాక్స్‌లో వాడే ఏటీఎఫ్, అంటే డెక్స్‌రాన్ రకం ఎర్ర ఆయిల్ పోస్తారు. కొన్ని యూరప్ కార్లకు ఆకుపచ్చగా ఉండే సింథటిక్ రకం కావాలి. హోండా తన కార్లకు వేరే ఆయిలే చెప్తుంది. అన్ని కార్లకూ సరిపోతుంది అని డబ్బా మీద రాసి ఉన్నా సరే, మీ మూత మీద లేదా మాన్యువల్‌లో ఏ పేరుంటే అదే కొనండి, రెండు రకాలు కలపకండి. లీకేజీ ఆపుతాయని అమ్మే మందులు కూడా ఎండిన సీళ్లని కొన్నాళ్లు ఉబ్బించేవే, చిరిగిన సీలుకి, పగిలిన పైపుకి వాటితో ఏమీ కాదు.

ప్రశ్న: నా కారులో ఆ డబ్బా ఎంత వెతికినా కనిపించలేదు.

జవాబు: మీది ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ అయ్యుంటుంది. 1988లో సుజుకి సెర్వో అనే చిన్న కారుతో మొదలైన పద్ధతి ఇది, ఇప్పుడొచ్చే కార్లలో ఎక్కువ ఇదే. ఆయిల్ బదులు మోటారు సాయం చేస్తుంది, పోయాల్సింది ఏమీ లేదు. డ్యాష్‌బోర్డులో స్టీరింగ్ గుర్తు వెలిగితే మాత్రం చూపించండి, ఒక్కోసారి బ్యాటరీ బలహీనపడ్డా అది వెలుగుతుంది.

ప్రశ్న: ఆయిల్ ఎన్నాళ్లకు మార్చాలి? ఇంట్లో చేసుకోవచ్చా?

జవాబు: మాన్యువల్‌లో అంకె ఉంటే అదే పాటించండి. చాలా మాన్యువల్స్‌లో ఉండదు. నేనైతే 80,000 కిలోమీటర్లకు ఒకసారి మారుస్తాను, కాగితం మీద చుక్క నల్లగా వస్తే అంతకు ముందే. ఇంట్లో సులువైన పద్ధతి సిరంజిదే. డబ్బాలోది లాగేసి కొత్తది పోయడం, కొద్ది రోజులు తిరగడం, మళ్లీ లాగి పోయడం. ప్రతిసారీ కొంతే మారుతుంది కాబట్టి నాలుగైదుసార్లు చేస్తే శుభ్రపడుతుంది. పోయకుండా డబ్బా ఖాళీగా ఉన్నప్పుడు ఎవరూ స్టార్ట్ చేయకుండా తాళం మీ జేబులో పెట్టుకోండి. తీసిన ఆయిల్ కాలువలోనో మట్టిలోనో పారబోయకుండా సీసాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేయండి.

పైపు విప్పించి పని చేయించాక గాలి లోపల ఉండిపోతే, ముందు చక్రాలు జాకీ మీద లేపి, గట్టి స్టాండ్లు పెట్టి, ఇంజన్ ఆపే ఉంచి స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి ఓ పదిహేను ఇరవైసార్లు నెమ్మదిగా తిప్పండి, మధ్య మధ్య మట్టం చూసి పోస్తూ. బుడగలు ఆగాకే స్టార్ట్ చేయాలి.

ప్రశ్న: ఆయిల్ గీత దాకా ఉంది, శబ్దం లేదు, అయినా స్టీరింగ్ బరువుగా ఉంటోంది.

జవాబు: ముందు టైర్లలో గాలి చూపించండి. ముందు టైర్లలో గాలి తగ్గితే ఎంత మంచి పంపున్నా స్టీరింగ్ బరువే, గాలి సంగతి మర్చిపోయి ర్యాక్ మార్పించుకున్నవాళ్లని చూశాను. తర్వాత బెల్ట్, వదులై జారుతుంటే తిప్పినప్పుడు కీచుమంటుంది. బండి ఆగి ఉన్నప్పుడు బరువుగా ఉండి యాక్సిలరేటర్ కాస్త నొక్కగానే తేలికైతే పంపు గానీ బెల్ట్ గానీ అనుమానించాలి. ఒక వైపుకే బరువుగా ఉంటే ర్యాక్‌లోని వాల్వు వైపు చూడాలి. ఒక అలవాటు కూడా సరిచూసుకోండి, పార్కింగ్‌లో స్టీరింగ్‌ని చివరిదాకా తిప్పి అలాగే బిగపట్టి ఉంచకండి, అప్పుడు పంపు మీద పూర్తి ఒత్తిడి పడి ఆయిల్ గబగబా వేడెక్కుతుంది, ఐదు సెకన్లు దాటకుండా కొద్దిగా వెనక్కి వదిలేయండి. ఇవన్నీ చూశాక కూడా అలాగే ఉంటే, ఏ వైపు తిప్పినప్పుడు, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అన్నది గమనించి మళ్లీ రాయండి.