ఐస్ హాకీలో ప్రపంచ క్లబ్ ఛాంపియన్ ఉంటుందా?

ఐస్ హాకీ క్లబ్బుల్లో ప్రపంచంలో ఏది గొప్పదో తేల్చే పోటీ ఉందా అని మిర్యాలగూడ తమ్ముడొకరు అడిగారు.

యూరప్ వరకు ఉంది, ప్రపంచానికి లేదు. 2014లో మొదలైన ఛాంపియన్స్ హాకీ లీగ్‌లో స్వీడన్, ఫిన్లాండ్, స్విట్జర్లాండ్, జర్మనీ లాంటి దేశాల క్లబ్బులు ఆడతాయి. స్వీడన్ జట్టు ఫ్రొలుండా 2020 నాటికే నాలుగుసార్లు గెలిచింది. అమెరికా, కెనడాల పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ (నేషనల్ హాకీ లీగ్) జట్లు ఇందులోకి రావు. డబ్బూ పేరూ ఇంట్లోనే దొరుకుతుంటే వాళ్లకేం అవసరం?

ఈ రెండు వైపుల జట్లు ఎదురుపడిన సందర్భాలు మాత్రం భలే ఉంటాయి. 1976 జనవరి 11న ఎన్‌హెచ్‌ఎల్ జట్టు ఫిలడెల్ఫియా ఫ్లయర్స్‌తో మాస్కో సైనిక జట్టు సీఎస్‌కేఏ ఆడింది. తమ ఆటగాడు ఖర్లామోవ్‌ను ఫ్లయర్స్ ఆటగాడు వాన్ ఇంప్ గుద్ది పడగొట్టినా పెనాల్టీ ఇవ్వలేదని రష్యన్ కోచ్ అలిగి, జట్టు మొత్తాన్నీ లోపలికి తీసుకెళ్లిపోయాడు. నచ్చజెప్పాక తిరిగొచ్చి 4-1తో ఓడారు. అది కూడా హాకీయేనట!

2009లో జ్యూరిక్ క్లబ్ జెడ్‌ఎస్‌సీ లయన్స్ సొంతూళ్లో ఎన్‌హెచ్‌ఎల్ జట్టు చికాగో బ్లాక్‌హాక్స్‌ను 2-1తో ఓడించి విక్టోరియా కప్ అనే పోటీ గెలిచింది. ఆ పోటీ మళ్లీ జరగలేదు.

ఛాంపియన్స్ హాకీ లీగ్ చూడాలనుంటే నిద్ర మానుకోవాలి తమ్ముడూ. చలికాలంలో స్వీడన్‌లో సాయంత్రం 7 అంటే మన నల్గొండ జిల్లాలో రాత్రి 11:30.