బేస్‌బాల్ చూడడంలో మజా ఎక్కువా, కార్డులు పోగెయ్యడంలోనా?

మీరడిగింది ఇదీ: అమెరికా వచ్చి నాలుగేళ్లయింది, తొమ్మిదేళ్ల అబ్బాయి స్కూల్లో స్నేహితుల్ని చూసి బేస్‌బాల్ కార్డులు (ముందువైపు ఆటగాడి బొమ్మ, వెనక వాడి ఆట లెక్కలు ఉండే అట్టముక్కలు) కొనిపెట్టమంటున్నాడు, ఆట పెడితే మాత్రం పది నిమిషాలు కూర్చోడు. ఈ రోజుల్లో ఆటకి అభిమాని కావడంలో అసలు సరదా ఉందా, సరదా అంతా కార్డుల్లోనే ఉందా, దేనికి ఖర్చు పెడితే మంచిది అని.

నేను 2001 నుంచి న్యూజెర్సీలో, ఫిలడెల్ఫియాకి నది ఇవతల ఉంటున్నాను. నాకు రెండు పిచ్చులూ ఉన్నాయి. మీవాడిలాగే నేనూ ముందు కార్డులు పట్టుకుని ఆ తర్వాతే ఆటలోకి వచ్చాను. అందుకే వాడి గురించి నాకేం బెంగ లేదు.

వచ్చిన కొత్తలో బేస్‌బాల్ చూస్తే, క్రికెట్‌ని ఎవరో పాడుచేసి పెట్టినట్టు అనిపించేది. ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన రిటైరయ్యే ముందు ఇల్లు సర్దుకుంటూ ఒక బూట్ల పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నిండా టాప్స్ అనే కంపెనీ 1987లో వేసిన కార్డులు. బొమ్మ చుట్టూ చెక్క పలకలాంటి అంచు ఉంటుంది, ఒకసారి చూస్తే మర్చిపోరు. "పెట్టెతో కలిపి దీని ఖరీదు సున్నా. బొమ్మలు కాదు, వెనకవైపు చదువు" అన్నాడు.

సున్నా ఎందుకో తర్వాత తెలిసింది. 1950ల కార్డుల్ని అమ్మలు చెత్తలో పడేశారు, అందుకని మిగిలిన కొన్నింటికీ రేటు పెరిగింది. అది చూసి 1980ల చివర్లో అందరూ దాచుకోవడం మొదలుపెట్టారు, కంపెనీలేమో కుప్పలు తెప్పలుగా ముద్రించాయి. ఎవరూ పడెయ్యని వస్తువుకి రేటెక్కడొస్తుంది? ఆ కాలానికి ఇక్కడివాళ్లు 'జంక్ వాక్స్' అని పేరు పెట్టారు. అప్పట్లో ప్యాకెట్లు మైనం కాగితంలో వచ్చేవి మరి.

ఆ పెట్టెలో మైక్ ష్మిట్ కార్డు ఉంది. ఫిలడెల్ఫియా జట్టు ఫిలీస్ థర్డ్ బేస్‌మన్, అంటే మూడో బేసు దగ్గర కాపలా కాసేవాడు. బ్యాటర్ మూడు బేసులూ చుట్టి, మొదలెట్టిన చోటికి, అంటే హోమ్‌కి, తిరిగొస్తే ఒక రన్. వెనక్కి తిప్పితే చీమల్లాంటి అక్షరాల్లో ఏడాదికొక వరస. 1973లో సగటు .196. అంటే పదిసార్లు బ్యాట్ పట్టుకుంటే రెండుసార్లు కూడా సరిగ్గా తగల్లేదన్నమాట. ఆ కింద వరసలో, మరుసటి ఏడాదే, 36 హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్ లాంటివి). నేను ఆ రెండు వరసల మధ్య ఆగిపోయాను. ఆ చలికాలంలో ఈ మనిషి ఏం చేసి ఉంటాడు? తెనాలిలో చదువుకునే రోజుల్లో పొద్దున్నే పేపరు చివరి పేజీ తిప్పి స్కోరుబోర్డులోంచి మ్యాచ్ మొత్తం ఊహించుకునేవాణ్ణి. మళ్లీ ఆ పాత పనే దొరికినట్టయింది. ఆర్‌బీఐ (బ్యాటర్ కొట్టడం వల్ల జట్టుకొచ్చిన రన్లు) అంటే ఏంటి, ఈఆర్‌ఏ (బంతి వేసేవాడు ఇచ్చే రన్ల సగటు) అంటే ఏంటి, షార్ట్‌స్టాప్ అనే ఫీల్డర్ ఎక్కడ నిలబడతాడు, అన్నీ ఆ పెట్టె ముందేసుకునే నేర్చుకున్నాను.

ఇంకో తమాషా ఉంది. చిన్నప్పుడు మేము ఖాళీ సిగరెట్ పెట్టెల అట్టలు ఏరుకొచ్చి పందెం కాసేవాళ్లం. చార్మినార్ రోడ్డు నిండా దొరుకుతుంది కాబట్టి దానికి తక్కువ, అరుదుగా దొరికేదానికి ఎక్కువ. రేటు మేమే కట్టేవాళ్లం. తీరా ఇక్కడ చూస్తే బేస్‌బాల్ కార్డుల పుట్టుక కూడా సిగరెట్ పెట్టెలతోనే ముడిపడి ఉంది. 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్లతో ఇచ్చిన కార్డుల్లో హోనస్ వాగ్నర్ అనే పాతకాలం ఆటగాడిది మధ్యలోనే ఆపేశారు. ఆపడంతో ఎక్కువ మిగల్లేదు. 2022లో ఒకటి 72 లక్షల 50 వేల డాలర్లకి అమ్ముడుపోయింది. మా అట్టలు మా నాయనమ్మ పొయ్యిలో పెట్టేసింది, అది వేరే సంగతి.

కార్డులు నన్ను గుమ్మం దాకా తీసుకొచ్చాయి, అంతే. లోపలికి లాగింది ఆటే. 2007లో ఫిలీస్ పది వేల ఓటములు పూర్తిచేసింది. ఏ అమెరికా జట్టూ అప్పటిదాకా అందుకోని ఘనత! నాకు ఆ జట్టు మీద ప్రేమ పుట్టింది అప్పుడే. ఓడిపోయిన మర్నాడు కూడా ఆఫీసులో అదే టోపీ పెట్టుకొచ్చేవాళ్లు. మనవాళ్లు క్రికెట్ ఓడితే టీవీ కట్టేసి నాలుగు రోజులు ఆ మాటే ఎత్తరు. ఇక్కడ అలా కుదరదు, సీజన్‌కి 162 ఆటలు, ఏడవడానికి కూడా టైముండదు.

ఆ మరుసటి ఏడాదే మా జట్టు వరల్డ్ సిరీస్‌కి, అంటే లీగ్ ఫైనల్‌కి చేరింది. నాలుగు ఆటలు గెలిచినవాళ్లదే కప్పు. 2008 అక్టోబర్ 27 రాత్రి ఐదో ఆట ఆరో ఇన్నింగ్స్‌లో ఉండగా, స్కోరు 2-2 దగ్గర వానకి ఆపేశారు. మిగిలిన ముక్క రెండు రోజుల తర్వాత, 29న ఆడారు. ఆ రెండు రోజులు ఊళ్లో ఎవరికీ పని సాగలేదు. మళ్లీ మొదలయ్యాక ఏడో ఇన్నింగ్స్‌లో స్కోరు 3-3. అవతలి జట్టు టాంపా బే రన్నర్ (బేసుల మీద పరిగెత్తేవాడు) సెకండ్ బేస్ దగ్గరున్నాడు. కొట్టిన బంతి మధ్యలోంచి దొర్లుకుంటూ వెళ్తే మా సెకండ్ బేస్‌మన్ చేజ్ అట్లీ పరిగెత్తి అందుకున్నాడు. ఫస్ట్ బేస్‌కి విసిరినా బ్యాటర్ దొరకడని వాడికి తెలుసు. అందుకని అటు విసిరినట్టు చెయ్యి ఊపి, గిరుక్కున తిరిగి హోమ్‌కి విసిరాడు. అది చూసి మోసపోయి పరిగెత్తుకొచ్చిన రన్నర్ హోమ్ ముందే అవుట్. ఏడాది నిండిన మావాడు నా భుజం మీద నిద్రపోతున్నాడు, నేను అరిచిన అరుపుకి లేచి ఏడుపు లంకించుకున్నాడు. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఫిలీస్ ఆ ఆట 4-3తో గెలిచింది, దాంతో సిరీస్ కూడా.

ఇప్పుడు అట్లీ కార్డు ఏదైనా తీసి వెనకవైపు చూడండి. ఆ విసురు ఎక్కడా కనపడదు. లెక్కల్లో అదొక 'అసిస్ట్' (అవుట్‌కి సాయపడ్డ విసురు), ఎవరూ కార్డు మీద కూడా వెయ్యని అంకె. కార్డుల్లోనే సరదా అంతా ఉందనేవాళ్లకి నా దగ్గరున్న జవాబు అదొక్కటే.

ఇక ఈ రోజుల సంగతి. ఆట మాత్రం నిజంగా బాగుపడింది. 2023లో పిచ్ క్లాక్ పెట్టారు. బేసులు ఖాళీగా ఉంటే పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) 15 సెకన్లలో బంతి వెయ్యాలి. అంతకుముందు చేతికి ఉమ్మి రాసుకుని, టోపీ సర్దుకుని, ఆకాశం చూసి, అప్పుడు వేసేవాళ్లు. తొమ్మిది ఇన్నింగ్స్ ఆట సగటున 3 గంటల 4 నిమిషాల నుంచి 2 గంటల 40 నిమిషాలకి దిగింది. బేసులు కాస్త పెద్దవి చేశారు, దొంగతనంగా బేసు కొట్టెయ్యడం (బ్యాటర్ బంతి కొట్టకుండానే రన్నర్ తర్వాతి బేసుకి పరిగెత్తెయ్యడం) మళ్లీ పెరిగింది. 2024లో జపాన్ ఆటగాడు షోహెయ్ ఒతాని ఒకే సీజన్‌లో 54 హోమ్ రన్లు కొట్టి 59 బేసులు దొంగిలించాడు. అలాంటి మనిషి ఆడుతున్న కాలంలో ఉండడమే అదృష్టం.

కష్టమంతా ఆ ఆట మన ఇంటికి చేరడంలో ఉంది. స్ట్రీమింగ్‌కి డబ్బు కడతారు, తీరా చూస్తే మీ ఊరి జట్టే బ్లాకౌట్, అంటే దాని ఆటలు చూపించరు. ఆ హక్కులు కేబుల్ ఛానల్‌కి అమ్మేశారు కాబట్టి. అయోవా రాష్ట్రంలో ఒక్క మేజర్ లీగ్ (అన్నిటికన్నా పై స్థాయి) జట్టు లేదు, అయినా చుట్టుపక్కల ఆరు జట్ల ఆటలు అక్కడివాళ్లకి ఏళ్ల తరబడి బ్లాకౌట్! 2022 నుంచి కొన్ని శుక్రవారం ఆటలు ఆపిల్‌కి పోయాయి. మా ఇంట్లో ఆట మొదలయ్యే ముందు పావుగంట, ఇవాళ ఏ యాప్‌లో అని వెతుకులాట. దానికి తోడు పందేలు. మా న్యూజెర్సీ వాళ్ల కేసులోనే 2018లో సుప్రీంకోర్టు క్రీడా పందేలకి దారి తెరిచింది. ఇప్పుడు ఇన్నింగ్స్ మధ్యలో ప్రకటనలన్నీ అవే. పిల్లాడితో కూర్చుని చూస్తుంటే నాకు చిరాకేస్తుంది.

కార్డులకీ ఈ డబ్బు జబ్బే తగులుకుంది, కాస్త వేరే రూపంలో. మావాడు ఐదో క్లాసు దాకా చక్కగా మార్చుకునేవాడు. మూడు అట్లాంటా బ్రేవ్స్ కార్డులకి ఒక ఫిలీస్ కార్డు, ఇలా. 2020లో అందరూ ఇంట్లో కూర్చున్నప్పుడు కార్డుల రేట్లు రాకెట్‌లా లేచాయి. పెద్దవాళ్లు తెల్లవారుజామునే షాపుల ముందు క్యూ కట్టారు, కొట్లాటలయ్యాయి, 2021 మేలో టార్గెట్ అనే పెద్ద దుకాణాల కంపెనీ కొన్నాళ్లు తన షాపుల్లో కార్డులు అమ్మడం ఆపేసింది. మేమూ ఆ గాలికి కొట్టుకుపోయాం. మావాడివి మూడు కార్డులు గ్రేడింగ్‌కి పంపాం, అంటే నిపుణులు చూసి పదికి ఇన్ని మార్కులని వేసి ప్లాస్టిక్ పలకలో సీలు చేసి పంపుతారు. ఆ కంపెనీ పేరెందుకులెండి. నెలల తరబడి వాళ్ల దగ్గరే ఉన్నాయి. వచ్చేసరికి రెండింటికి ఎనిమిది, ఒకదానికి ఏడు. ఖర్చు కార్డుల విలువ కన్నా ఎక్కువ. డబ్బు పోయిందని కాదు నా బాధ. పలకలో పడ్డాక మావాడు వాటిని ముట్టుకోలేదు. తొమ్మిదో ఏట రోజుకి పదిసార్లు తిరగేసిన కార్డులే అవి, మార్కులొచ్చాక అరలోంచి దిగలేదు.

పాల్ స్కీన్స్ కార్డు కథ మీరు వినే ఉంటారు. పిట్స్‌బర్గ్ పిచ్చర్, మొదటి ఆటలో వేసుకున్న చొక్కా మీది ప్యాచ్ కోసి పెట్టిన కార్డు, ప్రపంచంలో ఒక్కటే. 2024 క్రిస్మస్‌కి లాస్ ఏంజెలెస్ పక్క పదకొండేళ్ల పిల్లాడి ప్యాకెట్‌లో వచ్చింది. కార్డు మాకిస్తే హోమ్ ప్లేట్ వెనక రెండు సీట్లు 30 ఏళ్ల పాటు ఇస్తామంది జట్టు. ఆ కుటుంబం వేలానికే పెట్టింది, 2025 మార్చిలో 11 లక్షల 10 వేల డాలర్లు పలికింది. మా ఇంట్లో భోజనాల దగ్గర దీని మీద పెద్ద చర్చ. నేను సీట్లే తీసుకునేవాణ్ణి అన్నాను, పెద్దరికంగా. "నాన్నా, పిట్స్‌బర్గ్. ముప్పై ఏళ్లు. 2015 తర్వాత ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు" అన్నాడు మావాడు. నిజం చెప్పాలంటే నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ అసలు ప్రశ్నే అర్థం కానట్టు చూసింది.

కాబట్టి మీకు చెప్పేదేంటంటే, కార్డులు కొనిపెట్టండి. కానీ వందల డాలర్ల డబ్బాలు వద్దు. ఎవడో ఫోన్లో లైవ్ పెట్టి మన తరఫున ప్యాకెట్లు చింపే 'బ్రేకులు' అసలే వద్దు. పిల్లాడికి చింపే సరదా కూడా మిగలదు, అది లాటరీ టికెట్టే. మీ ఊరి దగ్గర వారాంతాల్లో కార్డ్ షో జరుగుతుంది, వెతకండి. అక్కడ బల్లల కింద అట్టపెట్టెలుంటాయి, ఏది తీసుకున్నా పది సెంట్లో పావు డాలరో. వాణ్ణి అక్కడ నేల మీద కూర్చోబెట్టి ఐదు డాలర్లు చేతిలో పెట్టండి. గంట దాకా లేవడు. ఒక్కటే షరతు: తీసుకున్న ప్రతి కార్డూ వెనక్కి తిప్పి, అందులో వింతగా కనిపించిన అంకె ఒకటి మీకు చెప్పాలి.

ఇక ఆట చూడడానికి ముందే టీవీ, స్ట్రీమింగ్ ప్యాకేజీలు కొనకండి. స్థానిక రేడియోలో ఊరికే వస్తుంది, కారులో పెట్టండి. ఎదురుగా బొమ్మ లేకపోతే పిల్లలు ప్రశ్నలు వేస్తారు. మొదటిసారి స్టేడియానికి వెళ్లినప్పుడు స్కోరు రాసుకునే కార్డు ఒకటి, పెన్సిలు ఒకటి వాడికివ్వండి. స్ట్రైక్‌ఔట్‌కి (మూడు స్ట్రైకులు పడి బ్యాటర్ అవుటవడానికి) ఇంగ్లీషు కే అక్షరం రాస్తారు, బ్యాట్ ఊపకుండా నిలబడి అవుటైతే అదే కే తిరగేసి రాస్తారు. మావాడికి ఆ తిరగేసిన కే ఒక్కటే చాలైంది, ఆ రోజు తొమ్మిది ఇన్నింగ్సూ కదల్లేదు. మీవాడు నాలుగో ఇన్నింగ్స్‌లో ఇంటికెళ్దామంటే వెళ్లిపోండి, మరీ సాగదీయకండి.

అన్నట్టు ఆ పెట్టెల్లో 1987 ష్మిట్ దొరకొచ్చు. అమ్మేవాడు హాల్ ఆఫ్ ఫేమ్ (దిగ్గజాలకిచ్చే గౌరవం) ఆటగాడని ఊరిస్తాడు. డాలర్ కన్నా ఎక్కువ పెట్టకండి.