విక్రమ్ బొమ్మ వేసే ముందు

చిరంజీవి అమ్ములుకి,

పెద్దనాన్న ఆశీస్సులు. వాట్సాప్‌లో పంపిన స్కెచ్ చూశాను. నీ గీతలో బలం ఎప్పుడూ ఉన్నదే, దాని గురించి చెప్పేదేం లేదు. కానీ ఒక్క షీటు మీద రాకెట్టు, చంద్రుడి మీద దిగిన విక్రమ్, అందులోంచి బయటికొచ్చి తిరిగిన ప్రజ్ఞాన్ బండి, జెండా, చప్పట్లు కొడుతున్న శాస్త్రవేత్తలు, పైన నీలి భూమి, దాని మీద ఇండియా మ్యాపు... ఇన్ని కుక్కేశావు. ఆగస్టు 23న జాతీయ అంతరిక్ష దినోత్సవం నాడు ఏ కాలేజీ గోడ చూసినా ఈ బొమ్మే కనిపిస్తుంది. బహుమతి కూడా రావచ్చు. నీక్కావలసింది అదే అయితే ఈ స్కెచ్‌కి రంగులు వేసెయ్. చంద్రయాన్-3 మీదే బొమ్మ వెయ్యాలనుంటే మిగతా ఉత్తరం చదువు.

ముందు ఒక్క సంఘటన ఎంచుకో. 2023 జూలై 14 మధ్యాహ్నం 2:35కి శ్రీహరికోటలో రాకెట్ లేచింది. ఆగస్టు 17న తనను మోసుకెళ్లిన భాగం నుంచి విక్రమ్ విడిపోయింది. 23 సాయంత్రం ఆరు దాటాక దిగింది. ఇవన్నీ అందరికీ తెలిసినవే, అందరూ వేసేవే. నన్నడిగితే 27వ తేదీ సంగతి వెయ్యమంటాను. ఆ రోజు ప్రజ్ఞాన్‌కి మూడు మీటర్ల ముందు ఒక గొయ్యి కనబడింది, దాదాపు నాలుగు మీటర్ల వెడల్పు. వెనక్కి మళ్లమని ఇక్కణ్ణుంచి ఆదేశం వెళ్లింది, బండి వేరే దారి పట్టింది. ఆ గొయ్యి ఫొటో, మళ్లిన చక్రాల జాడల ఫొటో ఇస్రో రెంటినీ బయటపెట్టింది. ఇరవయ్యారు కిలోల చిన్న బండి గొయ్యి చూసి దారి మార్చుకోవడంలో ఉన్న కథ, జెండా పక్కన చప్పట్లలో నాకు కనబడదు.

రాకెట్టే వేస్తానని పట్టుబట్టావనుకో, ఒక్కటి గుర్తుపెట్టుకో. చంద్రయాన్-3ని మోసిన ఎల్‌వీఎం-3 రాకెట్ నేల వదిలేటప్పుడు మండేవి పక్కనున్న రెండు లావుపాటి బూస్టర్లే. మధ్య దశ అంటుకునేది సుమారు 108 సెకన్ల తర్వాత. నీ స్కెచ్‌లో మూడింటి కిందా మంట ఉంది. సూళ్లూరుపేటలో మా వీధి పిల్లలు కూడా ఇట్టే పట్టేస్తారు.

ఇప్పుడు వెలుతురు. అసలు విషయం ఇదే, కొంచెం ఎక్కువ రాస్తాను, విసుక్కోకు.

విక్రమ్ దిగిన చోటు చంద్రుడి మీద దక్షిణ అక్షాంశం 69 డిగ్రీల దగ్గర. అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఇరవై డిగ్రీలకు అటూ ఇటూ మాత్రమే లేస్తాడు, అదీ ఉత్తరం వైపు. అంటే ఏ వస్తువు నీడైనా దాని ఎత్తుకు రెండున్నర రెట్లకు పైనే ఉండాలి. దిగిన రోజు సూర్యుడు ఇంకా కింద ఉన్నాడు కాబట్టి నీడలు ఇంకా పొడుగు. నువ్వు విక్రమ్ కాళ్ల దగ్గర చిన్న గుండ్రటి నీడ వేశావు, మన ఊళ్లో మే నెల పన్నెండు గంటలప్పటి నీడ అది.

నీడల రంగు కూడా మారుతుంది. ఇక్కడ నీడలో ఉన్నదానికి ఆకాశం నుంచి కొంత వెలుగు వస్తుంది. అందుకే నీడలో నీలం కలపమని మీకు క్లాసులో చెబుతారు. అక్కడ గాలి లేదు, ఆకాశం నల్లన, నీడలోకి వచ్చేది చుట్టూ ఎండ పడ్డ నేల నుంచి తిరిగొచ్చే వెలుగొక్కటే. కాబట్టి నేల మీది నీడ దాదాపు నల్లగా వెయ్, విక్రమ్ అడుగు భాగానికి మాత్రం కింది నుంచి బూడిదరంగు వెలుగు తగిలించు. ఇంకొకటి: దూరాన ఉన్న గుట్టను పలచగా, నీలంగా వేసే అలవాటు మానుకో. పొగ, మంచు, దుమ్ము ఏవీ అడ్డం రావు, దూరపు అంచు కూడా దగ్గర రాయంత స్పష్టంగా ఉంటుంది. పైగా చంద్రుడు చిన్నవాడు కదా, ప్రజ్ఞాన్ కెమెరా ఎత్తు నుంచి చదును నేల మీద చూస్తే రెండు కిలోమీటర్ల లోపే నేల అంచు వచ్చేస్తుంది. నక్షత్రాలు చల్లకు. ఎండ పడ్డ నేలకు సరిపెట్టిన కెమెరాకు అవి చిక్కవు.

ఇదంతా చదివి తల ఊపితే చెయ్యి నేర్చుకోదు. రాత్రి పూట లైట్లన్నీ ఆర్పి, ఒక ట్రేలో జల్లించిన బూడిద పోసి, రెండు మూడు గులకరాళ్లు పెట్టి, సెల్‌ఫోన్ టార్చ్ నేలకు దగ్గరగా పక్క నుంచి వెయ్యి. వేలితో చిన్న గుంట చెయ్యి. గుంటలో వెలుగు వైపు గోడ నీడలోనూ అవతలి గోడ ఎండలోనూ ఉంటాయి. దాన్ని బొగ్గుతో చూసి వెయ్. సరిగ్గా వచ్చేదాకా రంగుల జోలికి పోవద్దు.

ఇక భూమి. ఫొటోలో లేకపోయినా బొమ్మలో పెట్టుకోవాలని ఎవరికైనా ఉంటుంది, నేను కాదనను. పెడితే సరిగ్గా పెట్టు. అక్కడి నుంచి చూస్తే భూమి నేల అంచుకు కాస్త పైన, ఉత్తరానికి కొంచెం పడమరగా, దాదాపు ఒకే చోట వేలాడుతుంది. మనకు కనిపించే చందమామకు మూడున్నర రెట్లకు పైగా వెడల్పు. చంద్రుడి దక్షిణ భాగం నుంచి చూస్తున్నాం కాబట్టి భూమి తలకిందులుగా ఉంటుంది, దక్షిణ ధ్రువం పైకి. నీ మ్యాపులో కన్యాకుమారి పైకి రావాలన్నమాట. చంద్రకళల్లాంటివే భూమికీ ఉంటాయి, అవి కూడా తిరగబడతాయి, మనకు పౌర్ణమైతే అక్కడ భూమికి అమావాస్య. 2023లో రాఖీ పౌర్ణమి ఆగస్టు 30, 31 తేదీల్లో వచ్చింది, ఆ రెండు రోజుల్లో అక్కడి నుంచి భూమి కనబడటమే కష్టం. 27న సన్నటి వంక. 23న దాదాపు సగం. పోస్టర్లలో నిండు నీలి గోళం పెట్టినవాళ్లెవరూ పంచాంగం తిరగేసినట్టు లేదు.

విక్రమ్‌కి గోల్డ్ పెయింట్ వాడావు. వద్దు, పెళ్లి శుభలేఖలా కనబడుతోంది. అది బంగారం కాదు. వేడి నుంచి, చలి నుంచి కాపాడే ప్లాస్టిక్ పొర. వెనక అల్యూమినియం పూత ఉండి, ముందున్న పొర తేనె రంగు కావడం వల్ల అలా మెరుస్తుంది. ముడతలుగా ఉంటుంది, ఒక్కో ముడతలో ఒక్కోటి కనబడుతుంది: నల్లటి ఆకాశం, బూడిదరంగు నేల, ఎండ. ఎల్లో ఓకర్ (పసుపు మట్టి రంగు), బర్న్‌ట్ సియెన్నా (ఎర్ర గోధుమ రంగు), నలుపు, అక్కడక్కడ తెలుపు చుక్క చాలు. నేలకు బూడిదరంగులో కొంచెం గోధుమ కలుపు. పున్నమినాడు వెండిలా వెలిగే చంద్రుడి నేల దగ్గర్లో చూస్తే పాత తారురోడ్డంత నల్లటిది.

బూడిదరంగుతో బొమ్మ చప్పగా ఉంటుందని భయపడకు. అపోలో 12లో చంద్రుడి మీద నడిచిన ఆలన్ బీన్ 1981లో నాసా ఉద్యోగం వదిలి పూర్తిగా బొమ్మలకే కూర్చున్నాడు. నేలకు ఊదా, నారింజ, ఆకుపచ్చ ఛాయలు ధైర్యంగా వాడాడు. రంగుల కింద వేసే పూత ఆరకముందే, చంద్రుడి మీద వేసుకున్న బూట్ల నమూనాతో, తను అక్కడ వాడిన సుత్తితో దాని మీద గుర్తులు వేసేవాడు. నువ్వూ రంగు మార్చుకోవచ్చు. కానీ వెలుగు వచ్చే దిక్కు, నీడల పొడవు మాత్రం మార్చకు, అవి సరిగ్గా ఉంటే ఊదా నేలను కూడా నమ్ముతారు.

కలంకారీలో చెయ్యనా అని అడిగావు కదా. శ్రీకాళహస్తి, శ్రీహరికోట రెండూ మన తిరుపతి జిల్లాలోవే, ఆలోచన బాగుంది. అయితే చుట్టూ పూల బోర్డరు గీసి మధ్యలో రాకెట్ నిలబెడితే అది కలంకారీ అనిపించుకోదు. గడులు గడులుగా కథ నడపడం దాని బలం. జూలై 14 నుంచి ఆగస్టు 23 దాకా నలభై రోజుల ప్రయాణం అందుకు చక్కగా కుదురుతుంది. కానీ కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ, బెల్లంలో ఇనుము ఊరబెట్టిన నలుపు, ఇవన్నీ నీకున్న టైములో తెమలవు. ఈసారికి కాగితం మీద చెయ్. సెలవుల్లో వస్తే శ్రీకాళహస్తి తీసుకెళ్తాను.

చివరగా ఒక జాగ్రత్త. అప్పట్లో ప్రజ్ఞాన్ చక్రం నేల మీద వదిలిన ముద్రగా నాలుగు సింహాలూ ఇస్రో గుర్తూ అచ్చుగుద్దినట్టున్న ఫొటో ఊరంతా తిరిగింది. అది ఫొటో కాదు, ఒక అబ్బాయి తయారుచేసిన బొమ్మ. తనే ఆ సంగతి చెప్పాడు కూడా. వెనక చక్రాల మీద ఆ గుర్తులు చెక్కిన మాట నిజమే గానీ, బొమ్మను ఫొటో అనుకుని పంచుకున్నవాళ్లు లక్షల్లో ఉండి ఉంటారు. నీ బొమ్మ కింద ‘ఊహాచిత్రం’ అని, ఏ ఇస్రో ఫొటో చూసి వేశావో, ఏ తేదీదో రాయి. ఫోన్‌లో పెట్టేటప్పుడు కూడా ఆ రాత కత్తిరించకు.

బూడిద ట్రే స్టడీలు ముందు పంపు, రంగుల సంగతి తర్వాత మాట్లాడదాం. కాల్ చెయ్యాలంటే సాయంత్రం ఐదు దాటాక చెయ్, మధ్యాహ్నం పడుకుంటాను. బొగ్గు మంచిది దొరక్కపోతే మీ నాన్నకు చెప్పు, కోఠీలో కొని తెస్తాడు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న
సూళ్లూరుపేట